ఆకు వేరు తొడిగింది, మొక్క రాలేదు

ఇంటి మొక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెంగళూరు, చెన్నై నగరాల్లో స్థిరపడిన తెలుగు పాఠకులు రాసినవి. వారిలోనూ ఎక్కువ మంది అడిగింది ఆకుతో మొక్కను పెంచడం గురించే. బాల్కనీలో చోటు తక్కువగా ఉన్నవారికి, నర్సరీ ధరలు భారమనిపించేవారికి, ఆత్మీయుల ఇంట్లో చూసి ముచ్చటపడిన మొక్కను తమ ఇంట్లోనూ పెంచుకోవాలనుకునేవారికి ఇది ఎంతో అనువైన పద్ధతి. అయితే ప్రతి ఆకూ మొక్క కాలేదన్న సంగతి తెలియక చాలామంది నెలల తరబడి ఎదురుచూసి నిరాశపడుతున్నారు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా తోడికోడలి ఇంటి నుంచి తెచ్చుకున్న మనీప్లాంటు ఆకులను, ఒక రబ్బరు మొక్క ఆకును గాజు సీసాలో నీళ్లు పోసి వంటింటి కిటికీ దగ్గర పెట్టాను. అన్నిటికీ వేళ్లు వచ్చి సీసా నిండా అల్లుకున్నాయి. ఆకులు నిగనిగలాడుతూనే ఉన్నాయి. కానీ ఏడాది గడిచినా ఒక్క చిగురు కూడా వేయలేదు. ఎరువు వేయమంటారా, మట్టిలోకి మార్చమంటారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఎరువు వేసినా, మట్టిలోకి మార్చినా ఆ ఆకులు చిగురు వేయవు. మీ పోషణలో లోపమేమీ లేదు. మీరు తెచ్చుకున్న భాగంలో మొగ్గ లేదు, అంతే.

కాండం మీద ఆకు పుట్టే చోటును కణుపు అంటాము. ఆకు తొడిమకూ కాండానికీ మధ్య ఉండే సందులో కంటికి సరిగా ఆననంత చిన్న మొగ్గ ఒకటి నిద్రాణంగా ఉంటుంది. తరువాత కొమ్మగా సాగవలసింది అదే. మనీప్లాంటు, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, రబ్బరు మొక్క వంటి వాటిలో ఆకును తొడిమతో సహా తుంచినా ఆ మొగ్గ కాండం మీదనే ఉండిపోతుంది. తొడిమ చివర గాయమైన చోట కణాలు మళ్లీ విభజన చెంది వేళ్లను పుట్టించగలవు గానీ, ఈ మొక్కల ఆకులకు కొత్త మొగ్గను పుట్టించే శక్తి లేదు. అందువల్ల ఆ ఆకు వేళ్లతో నీరు తాగుతూ, వెలుతురులో తన ఆహారం తాను తయారు చేసుకుంటూ ఏళ్ల తరబడి ఆకుగానే బతుకుతుంది.

వేరు పుట్టడం, చిగురు పుట్టడం వేరువేరు పనులని శాస్త్రజ్ఞులు ఏనాడో నిరూపించారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫోక్ స్కూగ్, కార్లోస్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు పొగాకు కాండం లోపలి కణజాలాన్ని పెంచుతూ, అందులో ఆక్సిన్ వాటా ఎక్కువైతే వేళ్లు, సైటోకైనిన్ వాటా ఎక్కువైతే చిగుళ్లు పుడతాయని 1957లో వివరించారు. ఈ రెండూ మొక్కలో సహజంగా ఉండే హార్మోన్లే. తుంచిన ఆకు నుంచి ఆక్సిన్ తొడిమ చివరకు దిగుతూ ఉంటుంది కనుక వేళ్లు తేలికగా వస్తాయి. మొగ్గ పుట్టాలంటే ఆ ఆకు కణాలకు తిరిగి తొలిదశకు వెళ్లి కొత్త అవయవాన్ని నిర్మించే సామర్థ్యం ఉండాలి. అది జాతిని బట్టి ఉంటుంది. ఆకుల్లో నీరు నిల్వ చేసుకునే సక్యులెంట్లు అయిన ఎచెవేరియా, సెడం, జేడ్, కలాంకోలకు, ఇంకా ఆఫ్రికన్ వయొలెట్, రెక్స్ బిగోనియా, పెపెరోమియా, స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ మొక్కలకు ఆ సామర్థ్యం ఉంది. కనుక ఎవరి ఇంటి నుంచైనా ఆకు అడిగి తెచ్చుకునే ముందు, ఆ మొక్కకు మొగ్గ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం అన్నిటికంటే అవసరం.

ఇప్పుడు మీరు చేయవలసింది సులువే. తోడికోడలు గారిని ఈసారి ఆకు కాకుండా తీగ ముక్క అడగండి. మనీప్లాంటు తీగను చేతిలోకి తీసుకుని చూస్తే ఆకు తొడిమ కాండాన్ని చుట్టి పట్టుకున్న చోట ఒక వలయం లాంటి గీత, దాని దగ్గరే గోధుమ రంగులో గరుకైన చిన్న బొడిపె కనిపిస్తాయి. ఆ బొడిపె గాలివేరుకు మొదలు. దానికి రెండు వైపులా అంగుళం చొప్పున కాండం విడిచి కత్తిరిస్తే, ఒక్క ఆకు, ఒక్క కణుపు ఉన్న ముక్క చాలు. కణుపు నీటిలో మునగాలి, ఆకు మునగకూడదు. నీటిని వారానికి ఒకసారైనా మార్చాలి. రబ్బరు మొక్కకైతే ముక్కల కంటే గాలి అంటు కట్టడం (కొమ్మ మొక్క మీద ఉండగానే బెరడు తీసిన చోట తడి నాచు కట్టి వేళ్లు రప్పించడం) మంచిది. కోసినప్పుడు కారే పాలు చర్మానికి తగిలితే కొందరికి దురద పుడుతుంది కనుక వెంటనే కడుక్కోవాలి.

ఫిబ్రవరి నెలలో ప్రేమికుల దినోత్సవం పేరిట చిన్న కుండీలో ఒకే ఒక హృదయాకారపు ఆకును గుచ్చి అమ్ముతారు. హోయా కెర్రీ అనే తీగ ఆకు అది. అందులో కూడా చాలావరకు కాండం ముక్క ఉండదు కనుక అది ఏళ్లు గడిచినా ఒంటి ఆకుగానే ఉండిపోతుంది. కొనేవారికి ఆ మాట ముందే చెప్పి అమ్మడం న్యాయమని నా అభిప్రాయం.

ప్రశ్న: జనవరిలో బెంగళూరు వెళ్లినప్పుడు లాల్‌బాగ్ పుష్ప ప్రదర్శన చూసి, అక్కడి నుంచి ఎచెవేరియా మొక్కలు తెచ్చుకున్నాను. వాటి కింది ఆకులు తీసి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మీద పరచి రోజూ నీళ్లు చిలకరించాను. వారం తిరిగేసరికి అన్నీ నీరుకారి, పారదర్శకంగా మారి కుళ్లిపోయాయి. బెంగళూరులో ఉన్న మా చెల్లెలు ఇదే పద్ధతిలో కుండీలకు కుండీలు పెంచుతోంది. చెన్నైలో ఇది సాధ్యం కాదా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: సాధ్యమే. కాకపోతే ఊరు మారినప్పుడు పద్ధతి కూడా మారాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వేసవిలో కూడా రాత్రులు కొంత చల్లబడతాయి. ఎచెవేరియా స్వస్థలమైన మెక్సికోలో అవి ఎక్కువగా ఎత్తైన కొండ ప్రాంతాల్లో పెరుగుతాయి. నీటిని ఆదా చేసుకోవడానికి ఈ మొక్కలు పగలు తమ ఆకు రంధ్రాలను మూసి ఉంచి రాత్రివేళ తెరుస్తాయి కనుక, రాత్రి చల్లగా ఉండటం వాటికి ఎంతో ముఖ్యం. చెన్నైలో ఏడాదిలో చాలా నెలలు రాత్రి కూడా వెచ్చగా, తేమగా ఉంటుంది. ఆ గాలిలో తెగిన ఆకు గాయం త్వరగా ఆరదు. దానికి తోడు మీరు రోజూ నీళ్లు చిలకరించారు. వేళ్లే లేని ఆకు ఆ నీటిని తీసుకోలేదు. ఆ తడి, గాయం ద్వారా లోపలికి చేరే బూజుకు మాత్రమే ఉపయోగపడింది.

ముందుగా ఆకును తీసే తీరు గురించి చెబుతాను, ఎందుకంటే సగం పని అక్కడే తేలిపోతుంది. ఆకును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కుడికీ ఎడమకూ మెల్లగా కదిలిస్తూ ఉంటే అది కాండం నుంచి పూర్తిగా ఊడి వస్తుంది. పైకి లాగకూడదు, కత్తితో కోయకూడదు. ఊడిన ఆకు మొదలును కంటికి దగ్గరగా పెట్టి చూడండి. లేత రంగులో, నెలవంక ఆకారంలో, అంచు చిట్లకుండా నున్నగా ఉంటే అది పనికివస్తుంది. కొత్త మొక్కను పుట్టించే కణాలు ఆ మొదలులోనే ఉంటాయి కనుక, అది విరిగి కాండానికే అతుక్కుపోతే మిగిలిన ఆకు ఎంత పెద్దదైనా ఫలితం ఉండదు. అలాగే నీరు పోసిన మరునాడు కాకుండా, మట్టి బాగా ఎండిన తరువాత ఆకులు తీయాలి.

తీసిన ఆకులను నీడలో, గాలి ఆడే చోట కాగితం మీద పరచి గాయం ఆరనివ్వాలి. బెంగళూరులో పొడి వాతావరణం ఉన్న రోజుల్లో ఇందుకు రెండు మూడు రోజులు చాలు. చెన్నైలో అయిదారు రోజులైనా ఉంచండి. తరువాత ఆకులను పొడిగా ఉన్న మట్టి మిశ్రమం మీద ఊరికే పెట్టాలి, గుచ్చకూడదు. మీరు వాడిన కోకోపీట్ ఒక్కటే అయితే తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. చెన్నైలో దాని వాటా నాలుగో వంతుకు మించకుండా చూసి, మిగిలినది పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు), కడిగిన ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలతో నింపండి. ఇప్పుడు విరివిగా దొరికే ఎం-శాండులో (రాయిని పొడి చేసిన ఇసుకలో) దుమ్ము ఎక్కువగా ఉంటుంది, అది గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది. నీళ్లు తేటగా వచ్చేవరకు కడిగి వాడండి.

రెండు మూడు వారాల్లో ఆకు మొదలు నుంచి సన్నని గులాబి రంగు దారాల వంటి వేళ్లు బయటకు వస్తాయి. వాటి మీద చిటికెడు మట్టి చల్లి, అప్పటి నుంచి మాత్రమే మట్టి పైపొర తడిసేటంత నీరు ఇవ్వాలి. మరికొద్ది రోజులకు ఆవగింజ పరిమాణంలో పిల్లమొక్క పొడచూపుతుంది. తల్లి ఆకు దానికి సద్దిమూట, అది ముడుతలు పడి పూర్తిగా ఎండి తనంతట తాను రాలేవరకు తీసివేయకూడదు. కొన్ని ఆకులు వేళ్లు మాత్రమే వేసి ఊరుకుంటాయి, కొన్ని వేళ్లు లేకుండానే పిల్లను పెడతాయి, ఒక్కోసారి ఒకే ఆకుకు మూడు నాలుగు పిల్లలు వస్తాయి. ఇవన్నీ సహజమే కనుక ఎప్పుడూ కావలసిన దానికంటే ఎక్కువ ఆకులు పెట్టుకోవడం మంచిది.

కాలం కూడా చూసుకోవాలి. చెన్నైకి ఏడాదిలో ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాల వల్ల వస్తుంది. ఆ నెలల్లో ఆకులు పెట్టడం వృథా. మే నెలలో అగ్నికర్తరి ఎండల్లో కూడా వద్దు. సంక్రాంతి తరువాతి నుంచి మార్చి మొదటి వారం వరకు చెన్నైలో ఈ పనికి అత్యుత్తమమైన సమయం. అయినప్పటికీ ఎచెవేరియాతో మొదలుపెట్టకుండా, వేడిని బాగా తట్టుకునే గ్రాప్టోపెటలం పరాగ్వాయెన్స్‌తో చేయి తిప్పుకోమని నా సలహా. లేత బూడిద రంగు ఆకులతో ఉండే ఈ మొక్కను నర్సరీల వారు గోస్ట్ ప్లాంట్ అని అమ్ముతారు. దీని ఆకులు తాకితేనే రాలిపోతాయి, రాలిన చోటే మొలకెత్తుతాయి.

ప్రశ్న: పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలుగా కోసి నాటాను. చాలా నెలల తరువాత పిలకలు వచ్చాయి గానీ ఒక్కదానికీ పసుపు అంచు లేదు, అన్నీ ముదురు ఆకుపచ్చ చారలతోనే ఉన్నాయి. ఎండ చాలకనా?
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: ఎండకూ దీనికీ సంబంధం లేదు. లారెన్షియై అనే ఈ రకంలో ఆకు అంచున ఉన్న పసుపు కణాలు, మధ్యనున్న ఆకుపచ్చ కణాలు జన్యుపరంగా వేరువేరు. రెండు రకాల కణాలు ఒకే దేహంలో పొరలుగా కలిసి పెరిగే ఇటువంటి మొక్కను కైమెరా అంటారు. భూమిలోని దుంపకాండం కొనలో ఈ పొరలు సక్రమంగా అమరి ఉంటాయి కనుక అక్కడి నుంచి వచ్చే పిలకకు అంచు కూడా వస్తుంది. ఆకు ముక్కలో మాత్రం కొత్త మొగ్గ కొద్దిపాటి కణాల నుంచి సరికొత్తగా పుడుతుంది, ఆ కణాలు ఆకుపచ్చవి కావడంతో పిలక మొత్తం ఆకుపచ్చగా వస్తుంది. పసుపు అంచు కావాలంటే మొక్కను కుండీ నుంచి తీసి, దుంపకాండాన్ని పిలకతో సహా వేరుచేసి నాటడం తప్ప మార్గం లేదు. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పెపెరోమియాకు కూడా ఇదే వర్తిస్తుంది. దానిని కాండం ముక్కతో పెంచుకోవాలి.

మామూలు ఆకుపచ్చ రకాన్ని ఆకుతో పెంచాలనుకునేవారికి ఒక హెచ్చరిక. ముక్కలు కోసేటప్పుడు ఏది పైభాగమో ఏది కిందిభాగమో తప్పక గుర్తు పెట్టుకోవాలి, తలకిందులుగా నాటిన ముక్క వేరు వేయదు. కింది అంచును బాణపు మొన ఆకారంలో కోస్తే గుర్తు ఉంటుంది. ముక్క మూడు నాలుగు అంగుళాలు ఉండి, రెండు మూడు రోజులు ఆరిన తరువాత మూడోవంతు లోతున మట్టిలో నిలబెట్టాలి. వేళ్లకు నెల నుంచి రెండు నెలలు, పిలకకు ఆ తరువాత మరికొన్ని నెలలు పడుతుంది. ఈ మొక్కను శాస్త్రజ్ఞులు సాన్సెవేరియా నుంచి డ్రాసెనా ప్రజాతికి మార్చారు కనుక నర్సరీలో రెండు పేర్లూ వినబడవచ్చు, మొక్క ఒకటే.

ప్రశ్న: కలబంద మట్టను కోసి మట్టిలో గుచ్చితే మొక్క వస్తుందని మా మనుమరాలు ఫోనులో వీడియో చూపించింది. నేను గుచ్చినవన్నీ కుళ్లిపోయాయి. నిజంగా వస్తుందా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: రాదండీ. కలబంద మట్టలో గుజ్జు, నీరు ఉంటాయే గాని కొత్త మొగ్గను పుట్టించే శక్తి లేదు. వీడియోల్లో చూపేది చాలావరకు మొదట్లో కాండం ముక్క అంటుకుని ఉన్న మట్ట, లేదా ముందే వేళ్లున్న పిలక. మీ కుండీలో తల్లి మొక్క చుట్టూ పిలకలు నాలుగైదు అంగుళాల ఎత్తు వచ్చాక, వేళ్లు తెగకుండా విడదీసి, ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి నాటండి.

ప్రశ్న: నా దగ్గర ఆఫ్రికన్ వయొలెట్, రెక్స్ బిగోనియా ఉన్నాయి. రెండిటినీ ఆకుతో పెంచవచ్చని విన్నాను. పద్ధతి ఒకటేనా?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: రెండూ ఆకుతో వస్తాయి, పద్ధతులు మాత్రం వేరు. బెంగళూరు వాతావరణం ఈ రెండిటికీ బాగా సరిపోతుంది కనుక మీరు తప్పక ప్రయత్నించాలి.

ఆఫ్రికన్ వయొలెట్ టాంజానియా, కెన్యా కొండల నీడల్లో పుట్టిన మొక్క. 1892లో అక్కడి జర్మన్ అధికారి వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ దానిని యూరప్‌కు పంపగా, ఆయన ఇంటిపేరు మీదనే సెయింట్‌పాలియా అనే శాస్త్రీయ నామం ఏర్పడింది. ఇప్పుడు ప్రపంచమంతటా ఇళ్లలో ఉన్న రకాలు ఇంత విస్తారంగా చేతులు మారడానికి ఒక్క ఆకుతో పెరిగే గుణమే ప్రధాన కారణం. మరీ లేతదీ, మరీ ముదురుదీ కాని మధ్య వరుస ఆకును తీసుకుని, తొడిమను అంగుళం లేదా అంగుళంన్నర ఉంచి, పదునైన బ్లేడుతో ఏటవాలుగా కోయాలి. తొడిమను అర అంగుళం లోతుకు మించకుండా, తేమగా ఉన్న కోకోపీట్, పెర్లైట్ మిశ్రమంలో నాటి, పారదర్శకమైన మిఠాయి డబ్బాను పైన బోర్లించాలి. సక్యులెంట్లకు గాయం ఆరాలని చెప్పాను, వీటికి మాత్రం ఆరనివ్వకూడదు, పల్చని ఆకు వాడిపోతుంది. మూడు నాలుగు వారాల్లో వేళ్లు, రెండు మూడు నెలల్లో తొడిమ మొదట్లో ఎలుక చెవుల వంటి చిన్న ఆకుల గుంపు వస్తాయి. ఒక్కో గుంపును విడదీసి వేరువేరుగా నాటుకోవచ్చు. చల్లటి నీరు ఆకుల మీద పడితే మచ్చలు ఏర్పడతాయి కనుక నీటిని ఎప్పుడూ కింది పళ్లెంలో పోయండి.

రెక్స్ బిగోనియాకు తొడిమ కంటే ఈనెలు ముఖ్యం. బాగా పెరిగిన ఆకును బోర్లా తిప్పి, అడుగున ఉబ్బి కనిపించే పెద్ద ఈనెలను, అవి చీలే చోట్లకు కాస్త కింద, బ్లేడుతో అడ్డంగా గాటు పెట్టాలి. తరువాత ఆకును వెల్లకిలా తిప్పి, గాట్లు తడి మిశ్రమానికి ఆనేలా పరచి, ఈనెల పక్కన జడపిన్నులు గుచ్చి కదలకుండా చేసి, పైన మూత పెట్టాలి. ఆరేడు వారాలకు ప్రతి గాటు దగ్గర ఎర్రటి నూగుతో ముడుచుకున్న చిన్న ఆకు లేస్తుంది. ఒకే ఆకు మీద అలా అయిదారు మొక్కలు వరుసగా లేవడం చూడవలసిన దృశ్యం. మూతను రోజుకొకసారి తీసి గాలి ఆడనివ్వకపోతే బూజు పడుతుంది.

ప్రశ్న: ఆకును నాటే ముందు తేనె, దాల్చినచెక్క పొడి, పసుపు రాయమని తలా ఒకరు చెబుతున్నారు. రూటింగ్ హార్మోన్ పొడి కొనడం అవసరమా?
– ఒక పాఠకుడు, అన్నానగర్, చెన్నై

జవాబు: తేనెలో వేళ్లను పుట్టించే హార్మోన్ ఏమీ లేదు. దాల్చినచెక్క, పసుపు పొడులు గాయాన్ని ఆరబెట్టి బూజును కొంత అడ్డుకోగలవు, అంతకు మించి ఆశించవద్దు. దుకాణంలో దొరికే రూటింగ్ పొడిలో ప్రధానంగా ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం అనే ఆక్సిన్ ఉంటుంది. కొమ్మ ముక్కలకు అది బాగా పనికివస్తుంది. ఆకుకు మాత్రం వేళ్ల కంటే చిగురే కష్టం, ఆక్సిన్ మోతాదు మించితే ఆ చిగురు ఇంకా ఆలస్యం కావచ్చు. కనుక ఆకులకు అది కొననవసరం లేదు. ఆ డబ్బుతో మంచి పెర్లైట్ కొనుక్కోండి.

ప్రశ్న: మా కార్యాలయంలోని జెడ్‌జెడ్ మొక్క ఆకులు నాటి అయిదు నెలలైంది. ఆకులు పచ్చగానే ఉన్నాయి, చిగురు లేదు. పారేయవచ్చా?
– ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై

జవాబు: పారేయకండి. ఈ మొక్క ముందు మట్టిలో శనగగింజంత దుంపను కట్టుకుంటుంది, చిగురు తరువాతి మాట. దానికి ఆరు నెలల నుంచి ఏడాదికి పైగా కూడా పట్టవచ్చు. ఆకును పట్టుకుని అతి మెల్లగా కదిపినప్పుడు మట్టి పట్టి ఉంచినట్లు తోస్తే దుంప ఉన్నట్లే, తవ్వి చూడవద్దు. నీరు పదిహేను రోజులకు ఒకసారి చాలు. దీని రసం చర్మాన్ని చురచురలాడిస్తుంది, ఆకు కోసినప్పుడు చేతులు కడుక్కోండి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయినిని. ఆకు నుంచి మొక్క రావడాన్ని మా తరగతి పిల్లలకు ప్రత్యక్షంగా చూపాలనుకుంటున్నాను. తక్కువ రోజుల్లో ఫలితం కనిపించే మొక్క ఏది?
– ఒక పాఠకురాలు, వ్యాసర్పాడి, చెన్నై

జవాబు: రణపాలను మించినది లేదు. మడగాస్కర్ నుంచి వచ్చి మన దేశమంతటా వ్యాపించిన ఈ మొక్క ఆకు అంచున గుండ్రటి నొక్కులు ఉంటాయి, ప్రతి నొక్కులోనూ మొగ్గ ముందుగానే సిద్ధంగా ఉంటుంది. ఎచెవేరియా ఆకు కొత్తగా మొగ్గను తయారు చేసుకోవాలి, రణపాలకు ఆ పని లేదు కనుకనే ఇంత వేగం. జర్మన్ కవి గోథే ఈ గుణానికి ఎంతో ఆకర్షితుడై, ఈ మొక్కను స్వయంగా పెంచి స్నేహితులకు పంచిపెట్టేవాడు.

ముదురు ఆకును తడి మట్టి పోసిన పళ్లెంలో పరచి, నీడలో ఉంచండి. ఒకటి రెండు వారాల్లో నొక్కుల్లోంచి ముందు వెంట్రుకల వంటి వేళ్లు, వాటి పైన జత ఆకులు వస్తాయి. భూతద్దం ఇస్తే పిల్లలు ఆ క్రమాన్ని రోజువారీగా బొమ్మ గీసుకోగలరు. పక్కనే ఒక మనీప్లాంటు ఆకును, కణుపు ఉన్న మనీప్లాంటు ముక్కను కూడా నీటిలో ఉంచి చూపితే, మొగ్గ ఉన్నదానికీ లేనిదానికీ తేడా పాఠం చెప్పకుండానే వారికి బోధపడుతుంది. పని అయిన తరువాత మిగిలిన ఆకులను పాఠశాల ఆవరణలో విసిరేయవద్దు. పడిన ప్రతి ఆకూ మొలిచి తక్కిన మొక్కలను కమ్మేస్తుంది, పశువులు తింటే విషప్రభావం కూడా ఉంటుంది. పిల్లలు ఇంటికి తీసుకువెళతామంటే కుండీలోనే పెంచమని చెప్పి ఇవ్వండి.